పర్ణశాల త్రోవలో

గడచిన ఫాల్గుణ మాసమున హోలి పండుగకు బడి సెలవు వచ్చినది. దానికి ముందువెనుకల మఱి రెండు దినములు కలుపుకొని భద్రాచలము పోయి వత్తమని మా వారును నేనును సంకల్పించితిమి. మేము ఖమ్మమునకు వచ్చి రెండేండ్లైనను, 120 కిలోమీటర్ల దూరములో నున్న రాముని దర్శింపలేకపోతిమి గదా యను కొఱత నా మనస్సున నుండెను.

అంతకుముందు మా వారు సికిందరాబాదులో ఒక పాఠశాలయందు ఆఱేండ్లు ఉపాధ్యాయులుగా నుండిరి. అచ్చట మా ప్రక్క వాటాలో ఒక బోహ్రా కుటుంబము వారుండిరి. వారిది ఇనుపసామానుల దుకాణము. ఆ ఇల్లాలు నాకంటె నాలుగేండ్లు చిన్నది. నన్ను “అక్కా” యనియే పిలుచును. మా పాపయు ఆమె కూతురును ఒక యీడువారు. ఒక యింట అన్నము తిని ఒక యింట నిద్రించినవారు. మేము భద్రాచలము పోవుచున్నామని టెలిఫోనులో చెప్పగా, అడవి చూచి చాలకాలమైనది, నేనును వత్తునని ఆమె తన కూతును వెంటబెట్టుకొని ఖమ్మమునకు దిగినది. ఆమె పేరు నేనిచట వ్రాయను. ఈ సంగతులు పదిమంది ఆడువారికి తెలియునట్లు వ్రాయుమని కోరినది ఆమెయే. తన పేరు వలదనినదియు ఆమెయే.

తెల్లవాఱుజామున బస్సెక్కితిమి. ఊరు దాటగానే కల్లములలో ఆరబోసిన మిరపపండ్లు నేలకు ఎఱ్ఱని కంబళి పఱచినట్లుండెను. కొత్తగూడెము చేరునప్పటికి ఆ యెఱుపు పోయి బొగ్గు నలుపు వచ్చినది. అచ్చటి రైలు స్టేషనుకు “భద్రాచలము రోడ్డు” అని పేరు. రైలు మాత్రము భద్రాచలము పోదు. ఇది విని పిల్ల లిద్దఱును చాలసేపు నవ్విరి. పాల్వంచ విద్యుత్కేంద్రపు పొగగొట్టములు వెనుకబడిన పిమ్మట అడవి మొదలైనది. టేకుచెట్లు ఆకురాల్చి మోడులై నిలిచియుండెను. వాని నడుమ మోదుగులు మాత్రము ఆకులేక అంతయు పూవై యుండెను. ఇప్పచెట్ల క్రింద కోయపడుచులు వంగి, రాత్రి రాలిన పూవులను గంపల కెత్తుచుండిరి. ఆ పూవుల తీయని వాసన బస్సులోపలికిని వచ్చినది.

సారపాక కాగితపు మిల్లు దాటి వంతెన యెక్కితిమి. ఈ వంతెన 1965లో వచ్చినది. అంతకు ముందు యాత్రికులు పడవలమీదనే గోదావరి దాటెడివారట. ఫాల్గుణమున గోదావరి సన్నగిలి, ఇసుకతిన్నెలు వెడల్పై యుండెను.

భద్రాచలమున స్వామివారి కల్యాణమునకు కావలసిన తలంబ్రాలు ఫాల్గుణ పూర్ణిమనాడే కలుపుట మొదలిడుదురు. మేము పోయిన సమయ మదియే. తెలుగునాట తక్కిన చోట్ల తలంబ్రాలు పసుపు పచ్చగా నుండును. ఇచ్చట గులాలు కలుపుటచే ఎఱ్ఱగా నుండును. నేలకొండపల్లిలో పుట్టిన కంచెర్ల గోపన్న, గోలకొండ సుల్తానగు తానీషా యేలుబడిలో తహసీలుదారై ఈ గుడి కట్టించి చెఱసాల పాలైన కథ చదువరులెల్లరు నెఱిగినదే. తానీషా కాలమునుండియే తలంబ్రాలకు గులాలు కలుపుట యలవాటైనదని అచ్చటివారు చెప్పుదురు. దర్శనము చేసికొని వచ్చి, గోదావరి మెట్లమీద పిల్లలతో కూర్చుండియున్న మా స్నేహితురాలికి ఈ సంగతి చెప్పితిని. ఆమె నవ్వి, “అయితే ఒక తురక రాజు మీ రాముని పెండ్లికి రంగు పూసినాడన్నమాట. మీ శాస్త్రములు ఒప్పుకొన్నవా?” అనినది. “శాస్త్రములో లేదు, అయినను ఎవరును కాదనలేదు” అంటిని. ఆ మాటకు అర్థము మఱునాటి రాత్రికి గాని నాకు తెలియలేదు.

మఱునాడు పర్ణశాలకు పోయితిమి. అది భద్రాచలమునకు 35 కిలోమీటర్ల దూరమున దుమ్ముగూడెము మండలములో గోదావరి యొడ్డున నున్నది. పంచవటి నాసికలో నున్నదని కొందఱు పండితులందురు గాని, ఈ నేలవారికి సీతారాములు కుటీరము కట్టుకొన్నది ఇచ్చటనే. సీతమ్మ చీర లారవేసిన గుర్తులని బండలమీది చారలు చూపుదురు. కుటీరములో బొమ్మలు పెట్టి కథ తెలియునట్లు చేసినారు. అచ్చట కథ చెప్పు నతడు శూర్పణఖ వచ్చుటయు, లక్ష్మణుడు ఆమె ముక్కుసెవులు కోయుటయు మంచి యుత్సాహముతో చెప్పెను. పిల్లలు విప్పారిన కన్నులతో వినిరి.

మా పాప నా కొంగు పట్టుకొని, “అమ్మా, ఆమెకు నొప్పి పుట్టలేదా?” అని యడిగినది.

“ఆమె రాక్షసి గదమ్మా” అంటిని.

“రాక్షసికి నొప్పి పుట్టదా?”

మా తండ్రిగారు నాకు చిన్ననాట అమరము మొదలు రఘువంశము వఱకు ఇంటనే చెప్పిరి. వాల్మీకమును రెండుమాఱులు చదివితిని. ఈ ప్రశ్న నా కెన్నడును తోచలేదు. బదులు తోపక ప్రక్కకు చూచితిని. మా స్నేహితురాలు తన కూతును రెండు చేతులతో దగ్గఱకు లాగికొని నిలువబడి యుండెను. ఆమె ముఖము పాలిపోయి యుండెను. ఎండ దెబ్బ యనుకొంటిని.

తిరిగి వచ్చునపుడు త్రోవలో ఒక మఱ్ఱి చెట్టుక్రింద మా ఆటో ఆగినది. చింతపండు తట్ట ముందిడుకొని ఒక కోయ అవ్వ కూర్చుండియుండెను. ఆమె నొసట, చెక్కిళ్ళ, మోచేతులవఱకు పచ్చబొట్లు. ప్రక్కనే పదునాలుగేండ్ల మనుమరాలు, ఆశ్రమ పాఠశాలలో చదువుకొనునది, సెలవునకు వచ్చియుండెను. ఆ పిల్ల చేతులపై ఒక్క చుక్కయైనను లేదు. పిల్లలు పచ్చబొట్లు చూచి మూగగా, నేనే అడిగితిని: “ఇవి ఎప్పుడు పొడిపించుకొన్నా వవ్వా?”

“నా చిన్నప్పుడు పొడిచిండ్రు బిడ్డా. నలుగురు పట్టుకుంటె ఒకామె పొడిచింది. మూడు దినాలు జరమొచ్చింది.”

“ఎందుకు పొడిపించినారు?”

“ఎందుకంటె ఏం జెప్త? మా అమ్మకు పొడిచిండ్రు, నాకు పొడిచిండ్రు. సొమ్ములన్నీ ఈడనే ఉంటయి, పచ్చబొట్టు సచ్చినంక గూడ ఎంట వస్తదనేటోళ్ళు.”

“మఱి నీ మనుమరాలికి?”

“పొడిపిస్తనంటె వద్దని ఏడ్సింది. సరే తియ్యని ఊకున్న.”

అంతవఱకు మాటాడక నిలుచున్న మా స్నేహితురాలు ముందుకు వచ్చి, “దేవునికి కోపము రాలేదా అవ్వా?” అని యడిగినది. ఆ గొంతులో ఏదో వణకుండెను.

అవ్వ ఆమెను ఎగాదిగ చూచి, “దేవరకేం పని బిడ్డా? పొడవమని దేవర చెప్పిండా, మానితె కోపానికి రానీకి? మేమే పెట్టుకున్నం, మేమే ఇడిసినం” అనినది.

ఆ రాత్రి సత్రములో పిల్లలు నిద్రపోయిరి. మా వారు బయట అరుగుపై పండుకొనిరి. మేమిద్దఱమును గోదావరి వైపు కిటికీకడ కూర్చుంటిమి. అప్పుడామె నెమ్మదిగా చెప్పినది.

“అక్కా, నాకు ఏడేండ్లప్పుడు మా నాయనమ్మ మిఠాయి కొనిపెడతానని బజారుకు తీసుకొని పోయింది. బజారుకు పోలేదు. ఒక సందులో పాత యింటికి పోయినాము. చీకటి గది. ఎవరో ముసలామె. చాపమీద పండుకోబెట్టి, నాయనమ్మ చేతులు పట్టుకొన్నది. బ్లేడు చూచినాను. తరువాత నొప్పి. ఏమి కోసినారో, ఎందుకు కోసినారో నాకు తెలియలేదు. తిరిగి వచ్చేటప్పుడు నిజంగానే మిఠాయి కొనిపెట్టింది. నాన్నతో కూడా చెప్పవద్దన్నది. నేను చెప్పలేదు. పెండ్లి అయి తొమ్మిదేండ్లయింది, మా ఆయనతో కూడా చెప్పలేదు. నాయనమ్మ అంటే నాకు ప్రాణము. ఆమె నాకు చెడు చేయాలని చేసిందని ఇప్పటికీ అనుకోలేను. కాని మిఠాయి తిననని పిల్ల మారాము చేస్తే చాలు, నాకు ఆ చాప గుర్తుకు వస్తుంది.”

ఆమె కొంతసేపు ఊరకుండి మరల ననినది: “పాపకు శ్రావణములో ఏడేండ్లు నిండుతవి. అత్తగారు రెండుసార్లు అడిగింది.”

నేనేమంటినో వ్రాయుటకు సిగ్గగుచున్నది. “అది మీ మతాచారము గదా చెల్లీ, పై దానను నేనేమి చెప్పగలను?” అంటిని. మర్యాద యనుకొని అంటిని. అది మర్యాద కాదు, పిఱికితనము. ఆమె నన్ను చూచి, “మతమంటే ఎక్కడ వ్రాసియున్నదో వెదకి చూస్తావనుకున్నాను. ఇన్ని పుస్తకాలు చదివినదానవు. చింతపండు అమ్మే అవ్వ చెప్పినపాటి మాట నీవు చెప్పలేవా?” అనినది. తరువాత ప్రక్కకు తిరిగి పండుకొనినది. నాకు తెల్లవాఱువఱకు నిద్ర పట్టలేదు.

ఖమ్మము వచ్చిన పిమ్మట వెదకితిని. దొరికినది దొరికినట్లు సోదరీమణులకు నివేదించుచున్నాను.

ఆడుబిడ్డల గుహ్యాంగముపై మొగ్గవలె నుండు సుకుమార భాగమును గాని, దానిని కప్పియుండు చర్మమును గాని కోయుట ఈ యాచారము. కొన్ని దేశములలో చర్మపు కొన మాత్రమే గీయుదురు. కొన్నిచోట్ల మొత్తము కోసి, త్రోవ సన్నగిలునట్లు కుట్టివేయుదురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారు దీనిని నాలుగు విధములుగా విభజించిరి. ఏ విధమైనను దీనివలన ఆరోగ్యమునకు లాభ మేమియు లేదనియు, రక్తస్రావము, చీము పట్టుట, మూత్రబాధ, కాన్పులో కష్టము, మనోవ్యథ మొదలగు కీడులు కలుగవచ్చుననియు వారు చెప్పుచున్నారు. 2024లో యూనిసెఫ్ వారు ప్రకటించిన లెక్క ప్రకారము, ఈ కోత పడిన స్త్రీలు, బాలికలు లోకమున 23 కోట్లకు పైబడి జీవించియున్నారు. అందు ఆఫ్రికాలో 14 కోట్ల 40 లక్షలు, ఆసియాలో 8 కోట్లు, పశ్చిమాసియాలో 60 లక్షలు.

ఇది ఏ మతమువారి యాచారము? ఇదే నేను మొదట వెదకిన ప్రశ్న. ఈజిప్టు దేశములో 15 మొదలు 49 ఏండ్ల వయస్సు స్త్రీలలో నూటికి 87 మందికి ఇది జరిగినట్లు 2015 నాటి లెక్క. ఆ దేశమున ముసల్మానులును చేయించిరి, క్రైస్తవులును చేయించిరి. ఇథియోపియాలోని యూదులలోను ఇది యుండెడిది. మఱి మొరాకో, అల్జీరియా, ట్యునీషియా, తుర్కీ దేశములు ముసల్మానుల దేశములే. అచ్చట ఇది ఆచారముగా లేదు. మన దేశములోని ముసల్మానులలో చాలమందికి దీని పేరైనను తెలియదు. ఖురానులో దీని ప్రసక్తి లేదు, బైబిలులోను లేదు. క్రీస్తు పుట్టుటకు పూర్వము 163వ సంవత్సరమున ఈజిప్టులో వ్రాసిన ఒక గ్రీకు పత్రములో ఈ కోత ప్రస్తావన యున్నది. అనగా క్రైస్తవ మతమును ఇస్లామును పుట్టకముందే ఇది యుండినది. ముందు ఆచారము, తరువాత మతములు వచ్చినవి. ఎవరి కాలములో వారు పాత యాచారమునకు తమ మతము పేరు పెట్టికొనిరి. 2007లో ఈజిప్టునందలి అల్ అజహరు విద్యాపీఠపు పెద్దలు, ఈ పనికి ఇస్లాము ధర్మమూలములలో ఆధారము లేదని ప్రకటించిరి. మఱుసటి యేడు, 2008లో, ఆ దేశము దానిని నేరముగా శాసించినది.

మన దేశమున ఇది ముఖ్యముగా దావూదీ బోహ్రాలలో నున్నది. ఖత్నా యనియు, ఖఫ్జ్ యనియు దానిని పిలుతురు. సుమారు ఏడేండ్ల వయస్సున చేయింతురు. పదవ శతాబ్దమున ఖాజీ నుమాను రచించిన “దాయిముల్ ఇస్లాం” అను ధర్మగ్రంథమును ఆధారముగా చూపుదురు. ఇది శుచికొఱకై చేయు మతవిధి యనియు, తమలో జరుగునది చర్మమును కొంచెము గీయుట మాత్రమేననియు, దానిని ఆఫ్రికాలోని కోతతో పోల్చుట తగదనియు చెప్పు స్త్రీలు ఆ సమాజములో నున్నారు. వారి మాటను దాచుట న్యాయము కాదు. కాని అదే సమాజపు స్త్రీలు వేఱొక మాటయు చెప్పిరి. 1991లోనే రెహానా ఘడియాలీ యను విదుషి “మానుషి” పత్రికలో దీనినిగూర్చి వ్రాసిరి. 2015లో ఐదుగురు స్త్రీలు చేరి “సహియో” అను సంస్థను స్థాపించిరి. ఆ మాటకు గుజరాతీలో చెలికత్తెలని యర్థము. 2017లో వారు ప్రకటించిన విచారణలో 385 మంది బోహ్రా స్త్రీలు బదులు చెప్పగా, అందు నూటికి 80 మంది తమకు ఈ కోత జరిగినదనిరి. నూటికి 81 మంది ఇది యికమీదట సాగరాదనిరి. అనుభవించినవారును, వలదనువారును ఇంచుమించు ఒక్కరేయని దీనివలన తోచుచున్నది.

మఱొక సంగతి నా మనస్సునకు బాగుగ నాటినది. ఆస్ట్రేలియాలో 2015లో ఇట్టి కేసొకటి న్యాయస్థానమున రుజువైన పిమ్మట, 2016లో ఆస్ట్రేలియా, ఇంగ్లండు మొదలగు దేశములలోని బోహ్రా జమాతులు, ఇచ్చటి చట్టమునకు లోబడి దీనిని చేయింపవలదని తమవారికి లేఖలు వ్రాసినవి. లండనులో నొక ఉత్తరముతో మానదగిన పని, సికిందరాబాదులో మానరాని దెట్లగును? ఉపవాసమును, ప్రార్థనను మానుడని ఏ దేశములోను ఏ జమాతును ఉత్తరము వ్రాయలేదు గదా. మతములో ప్రాణమువంటిది ఏదో, పైన కప్పిన బట్టవంటిది ఏదో, ఆ లేఖలే తెలుపుచున్నవని నాకు తోచినది.

ఈ కోతకై మన దేశమున ప్రత్యేకముగా శాసన మేదియు లేదు. 2017లో ఒక న్యాయవాదిని దీనిని నిషేధింపుమని సుప్రీంకోర్టులో అర్జీ వేసిరి. శిక్షాస్మృతి ప్రకారమును, బాలల రక్షణకై 2012లో చేసిన పోక్సో చట్టము ప్రకారమును ఇది ఇప్పటికే నేరమని ప్రభుత్వ పక్షమున చెప్పబడినది. 2018లో ఆ విచారణ రాజ్యాంగ ధర్మాసనమునకు అప్పగింపబడినది.

సోదరీమణులారా! ఇది చదివి, ఇది మన యింటి సంగతి కాదని ఊపిరి పీల్చుకొనవలదు. కోయవారిలో గాని, ఈ యడవులలో మఱి యెవరిలో గాని ఈ కోత లేదు; పచ్చబొట్టును దీనితో సమానము చేయుట నా యభిప్రాయము కాదు. మనలోను లేదు. కాని “మన పెద్దలు చేసిరి, మనమును చేయవలె”నను మాట మన యిండ్లలో వినబడనిదా? మా నాయనమ్మకు తొమ్మిదవ యేట పెండ్లి యైనది. రజస్వల కాకముందే కన్యను ఇయ్యకున్న తండ్రికి నరకమని ఆనాడు శాస్త్రము చూపిరి. బాలవితంతువునకు తల గొఱిగించుటకును శాస్త్రము చూపిరి. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహము చేయించినపుడు, ధర్మము మంటగలిసినదని ఎందఱో యేడ్చిరి. 1929లో శారదా చట్టము వచ్చినపుడును అట్లే యేడ్చిరి. ధర్మము మంటగలియలేదు. శాస్త్రముకంటె రూఢి బలీయమని మన పెద్దలే యనిరి. నిజమే. మొదట రూఢి యేర్పడును; శాస్త్రమును తరువాత వెదకుదురు. దొరకనిచో దొరికినదని చెప్పుదురు.

ఇంకొక మాట. మా నాయనమ్మకు పెండ్లి చేసిన ఆమె తల్లి క్రూరురాలు కాదు. మా స్నేహితురాలి చేతులు పట్టుకొన్న నాయనమ్మయు క్రూరురాలు కాదు. పిల్లకు కులములో చోటుండవలె, పెండ్లి కావలె, నలుగురు వేలెత్తి చూపరాదు అను భయమే వారి చేతులను నడిపినది. ప్రేమయే భయమై, ఆ భయమే కత్తియైనది. కాబట్టి తల్లులను తిట్టిన ఈ యాచారము పోదు. ఎట్లు పోవునో ఆఫ్రికాలో ఒక గ్రామము చూపినది.

సెనెగలు దేశములో మాలికుండ బంబార యను గ్రామమున స్త్రీలు తోస్తాన్ అను సంస్థవారి పాఠములు నేర్చుకొనుచు, ఈ కోతవలని కీడును గూర్చి తమలో తాము మాటాడుకొని, 1997 జూలై 31వ తేదీన, ఇకమీదట మా బిడ్డలకు ఇది చేయింపమని బహిరంగముగా ప్రకటించిరి. పొరుగూళ్ళవారు వారిని దూషించిరి. దెంబా దియావరా యను ముసల్మాను మతపెద్ద యోచించి, ఒక్క గ్రామము మానిన చాలదు, పిల్లను ఇచ్చి పుచ్చుకొను గ్రామములన్నియు ఒక్కసారిగా మానవలెనని చెప్పి, బంధువులున్న యూళ్ళకు కాలినడకను పోయి అందఱను ఒప్పించెను. 1998 ఫిబ్రవరిలో దియాబుగు అనుచోట 13 గ్రామములవారు కలిసి ప్రకటించిరి. మఱుసటి యేడు ఆ దేశము శాసనమును చేసినది. చీనా దేశములో ఆడుబిడ్డల పాదములు కట్టు దురాచారము పోయినదియు ఇట్టి యుపాయముచేతనే: మా కూతుండ్ర పాదములు కట్టము, పాదములు కట్టిన పిల్లను మా కొడుకులకు చేసికొనము అని తలిదండ్రులు సంఘములుగా చేరి ప్రతిజ్ఞ చేసిరి. ఒక్కరు మానిన పిల్లకు వెలి యగును; పదుగురు మానిన అదియే కొత్త యాచారమగును.

ఈ సంగతులన్నియు చైత్రమాసములో ఒకనాడు టెలిఫోనులో మా స్నేహితురాలికి చెప్పితిని. మొదట క్షమింపుమని వేడుకొంటిని. ఆమె ఏమియు ననక అంతయు విని, చివరకు, “పదుగురు ఎక్కడనుంచి తేను అక్కా?” అనినది. “ఇద్దఱితో మొదలిడుము. మొదట నీ భర్తతో చెప్పుము” అంటిని. రెండు వారములు ఆమెనుండి మాట లేదు. నా మాటవలన ఆ యింట కలత పుట్టెనేమో యని భయపడితిని.

తరువాత ఆమెయే మాటాడినది. భర్తతో చెప్పినదట. అతడు విని తల పట్టుకొని, “నాకు తెలియదు, ఎవరును చెప్పలేదు” అని కంట నీరు పెట్టుకొనెనట. ఆడువారు దాచిన సంగతి మగవారికి తెలియక, మగవారికొఱకే యని ఆడువారు చేయుచు, ఎన్ని తరములు గడచినవో! పిమ్మట ఆమె తన ఆడుబిడ్డతో చెప్పగా, ఆమెయు తన చాపను తాను మఱువలేదని తెలిసినది. ఆడుబిడ్డకు ఐదేండ్ల కూతురున్నది. వదినమఱదండ్రు లిద్దఱును కలిసి అత్తగారి కడకు పోయి కూర్చుండిరట. అత్తగారు కోపించినది, రెండు దినములు అన్నము తినలేదు. మూడవనాడు, “నాకు చేసినప్పుడు నేనును ఏడ్చితిని” అని మాత్రము అనినదట. సమ్మతించినదో లేదో నోటితో చెప్పలేదు. మరల మాత్రము అడుగలేదు.

శ్రావణమాసమున ఆ పిల్లకు ఏడేండ్లు నిండినవి. ఆ సాయంకాలము మా యింటికి టెలిఫోను వచ్చినది. వెనుకనుండి పిల్లల కేకలు వినబడుచుండెను. “మిఠాయి కొనిపెట్టినాను అక్కా. బజారుకు నేనే తీసుకొని పోయినాను. నేరుగా దుకాణానికి పోయి, నేరుగా ఇంటికి వచ్చినాము” అనినది. ఆమె నవ్వుచుండెనో యేడ్చుచుండెనో నాకు తెలియలేదు.

మా పాపకు ఆ పర్ణశాల ప్రశ్నకు ఇంకను నేను బదులు చెప్పవలసియున్నది. రాక్షసికైనను నొప్పి పుట్టునమ్మా యని చెప్పెదను. ఆ కథలో కోత ఒక శిక్ష. అయినను ఆ శిక్షవలన ఎంత యుద్ధము వచ్చెనో లోకమెఱుగును. ఏ తప్పును చేయని ఏడేండ్ల పసిదానికి కోత యెందులకు? మన యిండ్లలో పసివారిమీద పెట్టు ప్రతి యాచారమును ఒకసారి ఆ చింతపండు అవ్వ ముందుంచి చూతము. ఇది దేవర చెప్పినదా, మనము పెట్టుకొన్నదా? మనము పెట్టుకొన్నదే యైనచో, విడుచుటకును మనకు చేతులున్నవి.